ఆరో గుంట

ఆ రోజు ఇంట్లో నాయన ఉన్నాడు, అమ్మ ఉంది, కొండమ్మ అవ్వ ఉంది, నేనున్నాను. గంప కింద పొదుగుతున్న కోడి ఉంది. గడప దగ్గర చెన్నయ్య చిన్నాయన గొంతుక్కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఇంకా దొర సంచి ఉంది. దాన్ని కూడా మనుషుల్లోనే లెక్కపెట్టాలి. ఎందుకంటే ఉన్న ఒక్క నులక మంచం దానికిచ్చి మేమంతా కింద కూర్చున్నాం.

అది పెర్కిన్సు దొర గోల్ఫు కర్రల సంచి. తోలుది. అడుగున కుట్లు ఊడితే కుట్టించి, ఆముదం పట్టించి తెమ్మని దొర నాయనకిచ్చి పంపాడు. రాజుగారి జూబిలీకి బళ్లో మిఠాయిలు పంచిన సంవత్సరం అది, చలి మొదలైన నెల. మా పల్లె గిద్దలూరు స్టేషనుకు కోసు దూరం. రైలు కట్టకు పడమర, నల్లమల వైపు, ఎర్ర గరప నేలలో రైల్వే దొరలు ఆరు గుంటలు తవ్వించుకుని ఆడేవారు. పచ్చిక మొలవని నేల కాబట్టి ఒక్కో గుంట చుట్టూ ఇంజను నూనె కలిపిన నల్ల ఇసుక గుండ్రంగా పరిచి ఉండేది. దూరం నుంచి బంతిని కర్రతో కొట్టుకుంటూ వచ్చి ఆ గుంటలో వెయ్యాలి. ఎవరు తక్కువ దెబ్బల్లో వేస్తే వాళ్ళది ఆ గుంట. ఎక్కువ గుంటలు ఎవరివైతే వాళ్ళది ఆట.

నాయన ఇరవై ఏళ్లుగా ఆ ఆటలో ఉన్నాడు. ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. దొర వెనక సంచి మోసుకుంటూ నడవడం, అడిగిన కర్ర అందించడం, కంపల్లో పడిన బంతిని వెతకడం ఆయన పని. నా పదో ఏటి నుంచి శనివారాలు నేనూ వెంట పోయేదాన్ని. నా కళ్ళు చురుకు. దొర కొట్టకముందే తుమ్మల అవతలికి పోయి నిలబడి, బంతి ఎక్కడ పడిందో చెయ్యెత్తి చూపించేదాన్ని. మాట్లాడే పని లేదు కాబట్టి నాకది హాయిగా ఉండేది. నా గొంతు నాకే వినపడదని మా రోశమ్మ పంతులమ్మ అంటుండేది.

అమ్మ ఉప్పు మూట వేడి చేసి నాయన ఎడమ భుజానికి కాపడం పెడుతోంది. సంచి పట్టీ ఒరుసుకుని అక్కడ ఎద్దు మెడ మీద కాచినట్టు కాయ కాచింది. దాని కింద ఎముక పోటు.

"వదినా, ఆ కాపడం నాకు గూడ పెట్టగూడదా? నాకు గూడ లాగుతాంది" అన్నాడు చెన్నయ్య చిన్నాయన.

"నీకు లాగేది భుజం గాదు, నోరు. ఆడ పెడితే బొబ్బలెక్కుతాది" అంది అమ్మ.

"కాంపౌండరు ఏమన్నాడన్నా?"

"ఏమంటాడు. ఇంగ సంచి ఎత్తితే చెయ్యి పైకి లేవదన్నాడు" అన్నాడు నాయన. "కూర్చోని చెప్పేటోడికేం."

"దొర గూడ అదే అన్నాడు. ఈ చలి దినాలు గడిచినాక పట్టీ పిల్లకు తగిలించమన్నాడు. దానికి దోవ తెలుసు, కర్రలు తెలుసు అన్నాడు" అని చిన్నాయన తను తెచ్చిన కబురు చెప్పాడు.

అమ్మ చేతిలో మూట ఆగిపోయింది. మార్కాపురం మిషను బోర్డింగులో నాకొక చోటు అట్టిపెట్టానని రోశమ్మ పంతులమ్మ ఆ నెల్లోనే రెండుసార్లు వచ్చి చెప్పింది. నాలుగేళ్లు చదివితే పంతులమ్మను అవుతాను. ఫిబ్రవరిలో పిల్లల్ని తీసుకుపోతుంది. ఆ లోపల మాట చెప్పాలి.

"మరి చదువు?" అంది అమ్మ.

"సంచి గడప దాటిందంటే మళ్ళీ మన కొంపకు రాదు" అన్నాడు నాయన. "ఇరవై ఏండ్లు మోసినాను. పెర్కిన్సు దొర సంచి అంటే ఈ చుట్టుపక్కల ఎవుర్నడిగినా మన ఇల్లు చూపిస్తారు."

"ఆడపిల్ల మొయ్యగూడదా ఏంది?" అంది అవ్వ. "ఈ రైలుకట్ట ఏసేటప్పుడు నేను రాళ్ళు మొయ్యలేదా? అప్పుడు వీడు నా కడుపులో గూడ పడలే."

అందరూ నావైపు చూశారు. నేను కోడి గంప వైపు చూశాను. చదువుకోవాలని ఉందని చెప్పడానికి నాలుక కదల్లేదు. నాయన భుజం చూస్తే అసలే కదల్లేదు.

చుట్ట ఆర్పాక చిన్నాయనకు రెండో కబురు గుర్తొచ్చింది. ప్రతి ఏడూ జనవరిలో దొరల పిల్లలకు ఒక రోజు ఆట పెట్టేవారు. నలుగురు ఆడేవారు. ఆ రోజుకో కట్టుబాటు ఉంది. ఎవరి పిల్లల సంచి వాళ్ళ తల్లో తండ్రో మొయ్యాలి, కూలి మనుషులు ముట్టగూడదు. దొరలు చెమటలు కక్కుతూ సంచులు మోస్తుంటే దొరసానులు నవ్వుకోవడం ఆ రోజు వేడుక. గెలిచిన బిడ్డ పెర్కిన్సు దొరసానిని ఒక్కటి అడగొచ్చు, ఏదైనా సరే. పోయినేడు గార్డు కొడుకు సైకిలు గంట అడిగితే మద్రాసు నుంచి తెప్పించి ఇచ్చింది.

"ఈ తూరి ఒకరికి గవదబిళ్ళలు లేచినాయంట. ముగ్గురే మిగిలినారు. మన మణిని పంపమంది దొరసాని. వంకలో తుమ్మకట్టెతో పగిలిన బంతిని కొడతా ఉంటే చూసిందంట."

నా చెవులు కాలాయి. అట్లా కొడతానని ఇంట్లో ఎవరికీ తెలీదు.

"దయామణి ఆడేదా?" నాయన లేచి నిలబడ్డాడు. మళ్ళీ కూర్చున్నాడు. "అయితే సంచి ఎవురు మొయ్యాల?"

"నువ్వే అన్నా. తండ్రివి గదా!"

నాయన మంచం మీది సంచిని దించి గోడకు ఆనించి, ఆ చోట నన్ను కూర్చోమన్నాడు.

*

ఆట నేర్పడం నెల రోజులు సాగింది. పొద్దున బడికి పోకముందు, పల్లె వెనక ఎండిన వంకలో. దొరసాని మూడు పాత కర్రలు ఇచ్చింది. రైల్వే వడ్రంగి వాటిని నా ఎత్తుకు కోశాడు.

ఎన్నడూ కొట్టని మనిషి కొట్టడం ఎట్లా నేర్పుతాడో నాకు అర్థం కాలేదు. నాయన కర్ర ముట్టుకోలేదు. ఉత్త చేతులతో చూపించేవాడు. ఎడమ చెయ్యి సగానికి లేచి ఆగిపోయేది. "ఇంగ మిగతాది నువ్వు అనుకో" అనేవాడు.

"బంతిని బాదొద్దు. వాకిలి ఊడుస్తావే, అట్ల. చీపురుకు కోపం ఉంటాదా? ఉండదు."

గుంట దగ్గరికి వచ్చేసరికి ఆయన చదువు వేరుగా ఉండేది. చెంబులో నీళ్ళు తెచ్చి నేల మీద ఒక ధార పోసేవాడు. నీళ్ళు ఎటు పారతాయో చూడమనేవాడు. "బంతి గూడ నీళ్ళసుమంటిదే. దానికి సొంత ఇష్టం లేదు. నేల చెప్పినట్టు ఇంటాది. నువ్వు నేలను అడుగు." పది రోజులు నీళ్ళు పోశాడు. పదకొండో రోజు ఉత్త చెంబు తెచ్చాడు. "ఇప్పుడు చెప్పు, పోస్తే యాడికి పారేవి?" నేను వేలితో గీత గీశాను. నాయన ఆ గీత వెంట నడిచి చూసి, "ఈ వాలు చూసేది పెర్కిన్సు దొరకు ఇరవై ఏండ్లలో రాలే" అన్నాడు.

ఒక్క విషయం మాత్రం మొదటి రోజే గట్టిగా చెప్పాడు. బంతి ఎక్కడ పడితే అక్కడినుంచే కొట్టాలి. చేత్తో గాని కాలితో గాని ముట్టగూడదు. నా సంచి మోసే మనిషి ఎవరి బంతిని ముట్టినా ఆ గుంట నేను ఓడినట్టే.

నాకు నవ్వొచ్చింది. నాయన కుడికాలి బొటనవేలి సంగతి సంచులు మోసేవాళ్ళందరికీ తెలుసు. దొర బంతి గోతిలోనో కంపలోనో పడితే, వెతుకుతున్నట్టు పోయి, బొటనవేలికీ పక్క వేలికీ మధ్య దాన్ని ఇరికించుకుని, నడక ఆపకుండా రెండడుగులు వేసి, చదునైన చోట వదిలేవాడు. వంగేవాడు కాదు, కిందికి చూసేవాడు కాదు. "ఇదో, దొరా!" అనేవాడు. దొర ఇరవై ఏళ్లుగా తన అదృష్టం గొప్పదనుకుంటున్నాడు.

"మరి దొరకు జరుపుతావు గదా" అన్నాను.

"దొర బంతి మంచి చోట ఉండాల. అది నా పని. ఆయన కోపం పడితే పొద్దంతా మాకే చేటు." నాయన నా కళ్ళలోకి చూశాడు. "నీ బంతిని నేను తాకను. నువ్వు ఓడిపోతా ఉన్నా తాకను. అది నీది."

మొదట్లో అమ్మ ఆ వంక వైపు కూడా చూడలేదు. "పదిమంది దొరల ముందర పావడా ఎగరేసుకుంటా కట్టె తిప్పుతాదంట నా బిడ్డ" అని దంచే రోకలికి చెప్పేది. కానీ ఒక మధ్యాహ్నం నా రవిక తీసుకుని చంకల కింద కుట్టు విప్పింది. గుడ్డ ముక్క అతికి చేతులు వదులు చేసింది. పావడా అంచు నాలుగు వేళ్ళు పైకి మడిచి కుట్టింది. ఆ మర్నాడు గోనె సంచి చింపి పొడుగ్గా ఒక తిత్తి కుట్టి, తన పాత చీర చెంగు మూడు పేటలు పేని దానికి పట్టీ పెట్టింది. లోపల దూది కూరింది, భుజం ఒరుసుకోకుండా.

అది నాయన చేతికిస్తూ, "తోలు సంచి మోసినోనివి, ఇది మోస్తావో లేదో" అంది.

నాయన తగిలించుకుని వాకిట్లో అటూ ఇటూ నడిచాడు. "మోసినట్టే లేదే" అన్నాడు.

నాయన లేనప్పుడు అమ్మ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుంది. "గెలిస్తే ఏం అడగాలో తెలుసునా?"

తెలీదన్నట్టు తల ఊపాను.

"సంచి చెన్నయ్య చిన్నాయనకు ఇయ్యండి, నన్ను బోర్డింగుకు పోనీయండి, అని దొరసాని ముందర చెప్పాల. దొరసాని చెప్తే దొర ఇంటాడు. దొర చెప్తే మీ నాయన ఇంటాడు. నేను చెప్తే పిల్లి గూడ ఇనదు. నాయనతో అనొద్దు."

ఆ రోజునుంచి దెబ్బల కంటే ఆ మాటే ఎక్కువ సాధన చేశాను. మేకల దగ్గర చెప్పుకున్నాను, బావి గట్టున చెప్పుకున్నాను. ఒకసారి గట్టిగానే వచ్చింది. అవ్వ ఉలిక్కిపడి, "ఎవురే ఆ మాట్లాడేది?" అంది.

*

జనవరి మొదటి శనివారం ఎండ పల్చగా ఉంది. కుర్చీలు వేశారు. సంచులు మోసేవాళ్ళంతా ఆ రోజు పని లేక కట్ట మీద వరసగా కూర్చున్నారు. అమ్మ, అవ్వ వాళ్ళ పక్కన కూర్చున్నారు.

పొద్దున నా ఆట గార్డు కొడుకుతో. వాడి సంచి వాళ్ళమ్మ ఒక చేత్తో, గొడుగు ఒక చేత్తో పట్టుకుంది. వాడు కోపంగా బాదేవాడు. బంతులు తుమ్మల్లోకి పోయేవి. ఆరు గుంటల్లో నాలుగు నావి. రెండో ఆటలో దొర కూతురు మ్యాగీ తనతో ఆడిన పిల్లను ఓడించింది. మధ్యాహ్నం మిగిలింది మేమిద్దరం.

మ్యాగీకి నా వయసే. ఆయా పెంచిన పిల్ల కాబట్టి తెలుగు మాలాగే మాట్లాడేది. "మణీ, భయపడతా ఉండావా? నేను గూడ" అని తన బిస్కత్తు విరిచి సగం ఇచ్చింది. అట్లాంటి పిల్లను ఓడించాలని కోరుకోవడం కష్టంగా ఉండింది. అయినా కోరుకున్నాను.

ఆట మొదలవ్వాలంటే తడి ఇసుక చిటికెడు తీసి చిన్న దిబ్బ చేసి దాని మీద బంతి పెట్టాలి. దొరకు చేసేటప్పుడు నాయన నిలబడే వంగి చేసేవాడు. ఆ రోజు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. దిబ్బ చేసి, కొన వేలితో నిమిరి, బంతి పెట్టి, దాని మీది దుమ్ము ఊదాడు. కట్ట మీద చెన్నయ్య చిన్నాయన, "ఏం యాకోబన్నా, పుట్టకు దండం పెడతా ఉండావా?" అని అరిచాడు. అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు.

మాకు కాస్త ఎడంగా పెర్కిన్సు దొర కూతురి సంచి మోస్తూ నడిచాడు. తోలు సంచి అలవాటు లేదు. ఈ భుజం మార్చి ఆ భుజానికి వేసుకునేవాడు, మొహం కందగడ్డైంది. నాయన దాన్ని చూసి ఓర్చుకోలేకపోయాడు. రెండుసార్లు ఆయన చెయ్యి ఆ పట్టీ వైపు పోయింది. కుర్చీలోంచి దొరసాని గొడుగు ఊపుతూ, "యాకోబూ, నో! నేడు నువ్వు మణి మనిషి!" అంది.

"చిత్తం దొరసానీ" అని నాయన వెనక్కి వచ్చేవాడు.

మొదటి గుంట మ్యాగీది. రెండు, మూడు సరిసమానం. నాలుగో దాంట్లో నల్ల ఇసుక మీద నా బంతి గుంటకు ఆరడుగుల దూరాన ఆగింది. నాయన నా పక్కన గొంతుక్కూర్చుని, "చెంబు లేదు. నీళ్ళు నువ్వే అనుకో" అన్నాడు. అనుకున్నాను. నీళ్ళు ఎడమకు పారి తిరిగాయి. బంతి కూడా అట్లాగే తిరిగి డబ్బా పాతిన గుంటలో టకీమని పడింది, ఆ గుంట నాది. కట్ట మీద అవ్వ ఏమని కేక పెట్టిందో గాని కొంగలు లేచాయి.

అయిదోది కూడా సరిసమానం. అంటే ఆట మొత్తం ఆరో గుంట మీదికి వచ్చింది.

ఆరోది అన్నిటికంటే పొడుగు. మధ్యలో బండ్లబాట అడ్డం పోతుంది. వానల్లో బండ్లు దిగబడి చేసిన గాళ్ళు ఎండిపోయి మోకాటి లోతున్నాయి. నా రెండో దెబ్బ బాట దాటి నల్ల ఇసుకకు పది అడుగుల ఇవతల చదునైన చోట పడింది. మ్యాగీ రెండో దెబ్బ అడ్డంగా పోయి బాట అంచున బలుసు కంపలో దిగింది. అక్కడినుంచి పైకి తీయాలంటే కనీసం రెండు దెబ్బలు. ఈ లెక్క నాకే కాదు, కట్ట మీద కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు. అమ్మ లేచి నిలబడడం కనిపించింది. దొరసానితో అనాల్సిన మాట నా నాలుక మీదికి వచ్చి కూర్చుంది.

దొర కంప ముందు నిలబడి అటూ ఇటూ చూశాడు. ఆయన ఎన్నడూ బంతి వెతికినవాడు కాదు. వెనక్కి తిరిగి, ప్రతి శనివారం పిలిచినట్టే పిలిచాడు.

"యాకోబ్!"

నాయన నా పక్కన ఉన్నాడు. గోనె తిత్తి కింద పెట్టి బయల్దేరాడు. దొరసాని దూరంగా ఉంది, గొడుగు ఊపలేదు. దొర ఇంకోసారి, "వేర్?" అన్నాడు. అది నాకు అలవాటైన మాట. నా కుడి చెయ్యి పైకి లేచింది. బలుసు మొద్దుకు ఎడమపక్క, రెండు గాళ్ళ మధ్య, బంతి దిగిన చోటికి సూటిగా చూపించింది. నేను ఎత్తానని చెప్పలేను. లేచింది.

నాయన నా చెయ్యి చూశాడు. అది చూపిన చోటికి పోయాడు. కంపలో కాలు పెట్టాడు. ఆయన వంగలేదు, కిందికి చూడలేదు. రెండడుగులు వేశాడు. మూడో అడుగులో కాలి వేళ్ళు విచ్చుకుని, తెల్లని బంతి బాట ఇవతల చదును గరప మీద నిలిచింది.

"ఇదో, దొరా!"

అన్నాక నావైపు తిరిగాడు.

అంత దూరం నుంచి కూడా ఆయన మొహంలో రంగు పోవడం చూశాను. నన్ను చూశాడు, తన కాలిని చూశాడు. ఎవరిదో కాలు తన కింద ఉన్నట్టు చూశాడు. దొర సంతోషంగా, "గుడ్! గుడ్!" అని కూతురికి కర్ర అందిస్తున్నాడు. ఆమె తల దించుకుని గరప మీద కాళ్ళు సర్దుకుంటోంది. వాళ్ళిద్దరూ చూడలేదు. కట్ట మీదివాళ్ళకు కంప అడ్డం. చూసింది నేనొక్కదాన్నే.

చెప్పొచ్చు. చెప్తే నా మనిషి ముట్టాడు కాబట్టి గుంట నేనే ఓడినట్టవుతుంది. పైగా ఇరవై ఏళ్ల అదృష్టం సంగతి దొర అడుగుతాడు. చెప్పకపోతే, చదును నేల మీది బంతి.

మ్యాగీ బాగా కొట్టింది. బంతి నల్ల ఇసుక మీదికి దొర్లి గుంట పక్కన ఆగింది. నా మూడో దెబ్బ నల్ల ఇసుక మీదికి చేరినా గుంటకు ఇంకా పది అడుగులు మిగిలాయి. నాయన వచ్చి నా పక్కన కూర్చోలేదు. తిత్తి పక్కనే నిలబడిపోయాడు. నీళ్ళు అనుకోవడానికి ప్రయత్నించాను. కళ్ళల్లోవి తప్ప వేరే నీళ్ళు కనపడలేదు. నాలుగో దెబ్బకు బంతి గుంట అంచు తాకి ఆగిపోయింది.

మ్యాగీ నాలుగో దెబ్బకే తన బంతి వేసి గెలిచి, వచ్చి నన్ను కౌగిలించుకుంది. ఒక గుర్రప్పిల్ల కావాలని అడిగింది. దొరసాని నాకు ఒక బిస్కత్తుల డబ్బా ఇచ్చి, "బాగా ఆడితివి" అంది. నేను తల ఊపాను.

*

మూడు రోజులు నాయన నాతో మాట్లాడలేదు. కోపం కాదు. నేను ఇంట్లోకి వస్తే ఆయనకు బయట పని గుర్తొచ్చేది. అమ్మ అడిగితే, "ఓడిపోయినా, అంతే" అన్నాను.

నాలుగో రోజు అన్నం వేళకు చెన్నయ్య చిన్నాయన వచ్చాడు. అమ్మ ఆయనకూ జొన్న సంగటి పెట్టింది.

"అన్నా, నాకొకటి అర్థం గాలే" అన్నాడు ముద్ద చేస్తూ. "అంత పేరున్న బొటనవేలు. పిల్ల బంతిని ఒక్క తూరి జరిపి ఉంటే అయిపోయేది గదా. ఆ కాడికి నీ వేలు పనికి రాకపాయె!"

"జరిపినా" అన్నాడు నాయన.

"జరిపినావా! మరెందుకు ఓడినారు?"

నాయన పచ్చిమిరపకాయ కొరికాడు. చిన్నాయన నవ్వి, తిని, చేయి కడుక్కుని పోయాడు. అమ్మ నవ్వలేదు. ఖాళీ తపేలా పట్టుకుని నాయన ఎదురుగా కూర్చుంది.

"ఎవురిది జరిపినావు?"

"దొరది."

అమ్మ తిడుతుందనుకున్నాను. ఆమె చెయ్యి చాపి, నాయన కుడి పాదాన్ని తన ఒళ్ళోకి లాక్కుంది. బలుసు ముళ్ళు ఇంకా రెండు విరిగి లోపలే ఉన్నాయి. పిన్నుతో ఒకటి తీసింది.

"ఇరవై ఏండ్ల కాలు" అంది. "ఒక్క దినంలో మన మాట ఇంటాదా?"

నాయన తల గోడకు ఆనించాడు.

"అది గెలిస్తే ఏం అడుగుదామనుకున్నదో నీకు తెలుసునా?" అని అమ్మ రెండో ముల్లు తీస్తూ చెప్పింది. పొయ్యి దగ్గర నాకు చెప్పిన మాటే, అక్షరం తప్పకుండా చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. నాయన నావైపు చూడకుండా విన్నాడు. విన్నాక, "నాతో ఎందుకు అనలే?" అన్నాడు.

"అంటే ఇనేటోనివా?"

"ఇనేటోన్ని కాదు" అని ఒప్పుకున్నాడు.

తర్వాత నెల రోజులు ఆ ఊసే రాలేదు. నాయన ప్రతి శనివారం పోయి సంచి మోసి వచ్చాడు. అమ్మ కాపడం పెట్టింది. కొన్ని రోజులు చెయ్యి తల దాకా లేచేది, కొన్ని రోజులు లేచేది కాదు. ఫిబ్రవరి రెండో శనివారం నుంచి పట్టీ నాకు అనుకున్న మాటే నిలిచి ఉంది. దాన్ని ఎవరూ కాదనలేదు. నేనూ మనసు కుదుర్చుకున్నాను.

ఆ శనివారం తెల్లవారుజామున అమ్మ నన్ను లేపి తల దువ్వింది. ఆముదం పెట్టి రెండు జడలు గట్టిగా వేసింది. కర్రలు మొయ్యడానికి రెండు జడలెందుకో అడగలేదు. అవ్వ నా నుదుటి మీద ముద్దు పెట్టి, "పో, పో" అంది. నాయన అప్పటికే వెళ్ళిపోయాడు.

రైలు కట్ట వెంట చలిలో నడిచాను. సంచులన్నీ పెట్టే రేకుల కొట్టు తలుపు తెరిచి ఉంది. నాయన లోపల దొర కర్రల ఇనప తలలు గుడ్డతో తుడుస్తున్నాడు. నేను ఏమీ అనకుండా తోలు సంచి దగ్గరికి పోయి పట్టీ భుజాన వేసుకుని లేచాను. అనుకున్నంత బరువు లేదు.

నాయన గుడ్డ పక్కన పెట్టాడు. వచ్చి నా భుజం మీది పట్టీ తీసి సంచి కింద పెట్టాడు.

"మార్కాపురం బండి ఇంగో గంటలో వస్తాది" అన్నాడు. "స్టేషన్లో రోశమ్మ పంతులమ్మ ఉంటాది. మీ అమ్మ పెట్టె నెత్తిన పెట్టుకొని ఆడికే వస్తాంది. పో."

నాకు కదలబుద్ధి కాలేదు. నోట్లోంచి మాట వచ్చింది, నాకే వినపడేంత గట్టిగా.

"నీ భుజం?"

"ఇంగో భుజం ఉండాది గదా."

"చిన్నాయనకు ఇయ్యి. నువ్వు మొయ్యొద్దు."

"ఎవురికిచ్చేది నేను చూసుకుంటా. నీకు మాత్రం గాదు." నన్ను జబ్బ పట్టుకుని కొట్టు బయటికి నడిపించాడు. గడప మీద ఆగాడు. అంత సేపూ నా తల పక్కకి చూస్తున్నవాడు అప్పుడు నా కళ్ళలోకి చూశాడు.

"మణీ, ఆ దినం దొర పిలిచింది నన్ను. నీ చెయ్యి ఎందుకు లేచింది?"

నేను నా కుడి చెయ్యి చూసుకున్నాను.

"నా కాలు సంగతి ఇంగ వదిలెయ్యి. అది ముసిలిది" అన్నాడు నాయన. "నీ చెయ్యి ఇంకా లేతగా ఉండాది. తీసుకొని పో."

నేను మళ్ళీ గడప మీద కాలు పెట్టబోయాను. నాయన లోపలికి జరిగి, ఎడమ చెయ్యి లేవదు కాబట్టి కుడి చేత్తో రేకు తలుపు లాగి, నా మొహం మీదే వేసేశాడు.